టీనేజీ ప్రేమకథకు పెద్దవాళ్లే కావాలి

పదిహేడేళ్ల వాళ్ల ప్రేమకథలో పదిహేడేళ్ల వాళ్లను నటించనివ్వకూడదు. అవసరమైతే చట్టం తేవాలి!

అలా మొహం చిట్లించకండి. ఆ హీరోని చూసి ఇంటర్ కుర్రాడంటే ఎవరు నమ్ముతారని థియేటర్లో మీరు గొణుక్కుంటూ ఉంటారని నాకు తెలుసు. నేనూ గొణిగినవాణ్ణే. కానీ ఆమధ్య మా బెజవాడ పటమటలో, మా వీధిలో, మా ఎదురింటి మేడ మీద ఒక టీనేజీ ప్రేమకథ షూటింగ్ జరిగింది. దగ్గరుండి చూశాక నా అజ్ఞానం పటాపంచలైంది.

షూటింగ్ అంటే ఏమిటో తెలియని అమాయకులకు చెబుతున్నాను. వీధికి అడ్డంగా తాడు కడతారు. జనరేటర్ వ్యాను సరిగ్గా మన గేటు ముందే ఆగుతుంది. పాలపాకెట్టు కోసం బయల్దేరిన మనల్ని ఒకాయన చెయ్యడ్డం పెట్టి ఆపి, ఫ్రేములోకి రావద్దంటాడు. మన వీధిలో మనం నడవాలంటే వేరే ఊరాయన్ని అడగాలి. దీన్ని కొందరు ఇబ్బంది అంటారు. నేను భాగ్యం అంటాను. ఏళ్ల తరబడి మా వీధి మొగలో ఉన్న గుంటని కెమెరా బండి కోసం వాళ్లే పూడ్చుకున్నారు! ప్రేమ వల్ల లోకానికి ఇంతకంటే మేలు ఏం జరగాలి?

ఇక తారాగణం. హీరోగారు కథలో ఇంటర్ సెకండియర్. ఆయన పెద్దబ్బాయి ఏడో క్లాసు. పొద్దున కారవాన్ దిగేటప్పుడు మోకాలికి పట్టీ వేసుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆలోచించి దిగుతారు. సినిమాలో గోడ దూకడానికి వేరే ఆయన, పరిగెత్తడానికి ఇంకో ఆయన ఉన్నారు. ప్రేమించడం మాత్రం స్వయంగా ఈయనే చేస్తారు.

హీరోయిన్ ముంబై అమ్మాయి. తెలుగు ముక్క రాదు, గొంతు తర్వాత వేరేవాళ్లు ఇస్తారు. నువ్వు లేకపోతే బతకలేను అనాల్సిన చోట ఆవిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వన్, టూ, త్రీ, ఫోర్ అంది. మా వీధి ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. అంకెలతో ఇంత బాధ పెట్టగలిగింది ఇంతవరకూ మా లెక్కల మాస్టారు ఒక్కరే!

దర్శకుడి పేరు విఠల్. యాభై దాటాయి. మంచివాడు, పాపం సహజత్వం పిచ్చి ఉంది. మేడ మీద గదిలో వేసిన క్లాసురూము సెట్టులో కూర్చునేవాళ్లయినా అసలు సిసలు విద్యార్థులు ఉండాలని పట్టుబట్టాడు. బెజవాడలో ఇంటర్ పిల్లలకు కరువా? బెంజ్ సర్కిల్‌లో తల పైకెత్తితే హోర్డింగుల నిండా వాళ్ల మొహాలే, పక్కన ర్యాంకులతో సహా. అయితే ఫొటోలు దొరికినంత సులువుగా పిల్లలు దొరకలేదు. పొద్దున స్టడీ అవర్. తర్వాత క్లాసులు. తర్వాత మళ్లీ స్టడీ అవర్. ఆదివారం పరీక్ష. ప్రొడక్షన్ మేనేజరు కాలేజీ గేట్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, చివరికి వన్ టౌన్ బట్టల కొట్ల గుమాస్తాలకు యూనిఫాం తొడిగి ఆటోల్లో తెచ్చాడు. చివరి బెంచీ విద్యార్థి ఒకడు షాటు మధ్యలో ఫోనెత్తి, మనవరాలి బారసాలకు వంటవాణ్ణి మాట్లాడాడు. ఎంత బాధ్యత తెలిసిన కుర్రాడు!

ఇలా అంతా సజావుగా సాగిపోతుండగా, ఎక్కణ్ణించో ఒక నిజమైన పదిహేడేళ్ల పిల్ల ఊడిపడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

షూటింగ్‌కి మేడ ఇచ్చిన మా ఎదురింటి అచ్యుతరామారావుగారు బ్యాంకు ఆఫీసరు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబగారు స్కూల్లో తెలుగు టీచరు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు అనఘ ఊరి చివర హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆరోజు ఔటింగ్ ఇస్తే ఇంటికొచ్చింది. విఠల్‌కి ఆ పిల్లను చూడగానే దేవుడు కనిపించినట్టయింది. హీరోయిన్ స్నేహితురాలి వేషం, ఒకే ఒక్క షాటు. హీరో అవస్థ చూసి పగలబడి నవ్వాలి, అంతే. హీరోయిన్ మాటలు ఎలాగూ డబ్బింగే కాబట్టి, స్నేహితురాలి నవ్వయినా అక్కడికక్కడే సహజంగా రికార్డు చెయ్యాలని ఆయన కోరిక.

అనఘ తండ్రి వైపు చూసింది. ఆ చూపులో అంత ఆశ ఉంటే నేనైతే మేడతో పాటు ఇల్లు కూడా రాసిచ్చేవాణ్ణి.

అచ్యుతరామారావుగారు బాగా ఆలోచించి, ఈ నటనకు ఎంట్రన్సులో ఏమన్నా వెయిటేజీ ఉంటుందా అని వాకబు చేశారు. ఉండదన్నారు. అయినా ఒప్పుకున్నారు. ఎంత విశాల హృదయం! షాటుకీ షాటుకీ మధ్య చూసుకోమని ఫిజిక్సు ఫార్ములాల పుస్తకం తెచ్చి కూతురి చేతికిచ్చారు. ఆరింటికల్లా హాస్టల్ గేటు లోపల ఉండాలి కాబట్టి, ముందుజాగ్రత్తగా కిందికి వెళ్లి కారు బయటికి తీసి అందులోనే కూర్చున్నారు.

షాటు మొదలైంది. డూపుగారు పిట్టగోడ ఎక్కుతూ జారారు. అనఘ నవ్వింది. తల వెనక్కి వాల్చి, భుజాలు ఎగిరెగిరి పడుతుండగా, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఎంత ముచ్చటగా ఉందో!

సౌండ్ చూసే లాజరు మాత్రం చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి విదిలించాడు. వైరు మార్చాడు. మైకు మార్చాడు. మళ్లీ నవ్వించారు.

"సార్, పాప నవ్వుతుందండి. నవ్వే రావట్లేదండి" అన్నాడు.

విఠల్ దగ్గరికి వెళ్లి బుజ్జగించాడు. భయం లేదు, గట్టిగా నవ్వమన్నాడు. గట్టిగానే నవ్వుతున్నానంది అనఘ. స్టడీ హాల్లో అందరూ ఇలాగే నవ్వుతారట. చప్పుడైతే వార్డెన్ మేడమ్ ఫ్లోరు ఫ్లోరంతటినీ నిలబెడుతుందట. అందుకని చేరిన కొత్తలోనే ఒకరిని చూసి ఒకరు నేర్చేసుకున్నారట.

"ఇది స్టడీ హాలు కాదు కదమ్మా, మీ మేడే కదా. ఇక్కడ నవ్వొచ్చు."

"తెలుసండి. రావట్లేదు."

నా మనసు చివుక్కుమంది. కానీ కాలమిస్టును కదా, వెంటనే సర్దుకున్నాను. ఇంతటి క్రమశిక్షణ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? పక్క మంచానికి కూడా వినపడని నవ్వు! శబ్దకాలుష్యం లేని యవ్వనం! ఇందుకు మనం గర్వపడాలా వద్దా?

పిల్ల ప్రయత్నించలేదని మాత్రం అనడానికి లేదు. గొంతు సవరించుకుని, హ, హ, హ అని పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. లాజరు తల అడ్డంగా ఊపాడు. పొద్దు వాలుతోంది. కింద కారు హారన్ మోగింది. తనకిచ్చిన ఒక్క షాటూ చేజారిపోతోందని తెలిసి అనఘ మొహం చిన్నబోయింది.

చివరికి హీరోగారికే జాలేసింది. పిల్లను నవ్వించడానికి డూపును పక్కకు తప్పించి, మోకాలి పట్టీతో సహా తానే పిట్టగోడ ఎక్కబోయారు. యూనిఫాం ప్యాంటు ఒప్పుకోలేదు. పర్రుమని వెనకంతా విడిపోయింది. కాఫీలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ జ్ఞానప్రసూనాంబగారు పకపకా నవ్వేశారు. ట్రే కింద పెట్టి, మెట్టు మీద కూలబడి, ఆయాసం వచ్చేదాకా నవ్వారు. అటుపక్క అనఘ కూడా కడుపు పట్టుకుని వంగిపోయి నవ్వింది, చడీచప్పుడూ లేకుండా. అదృష్టం కొద్దీ కెమెరా తిరుగుతూనే ఉంది, మైకూ ఆన్‌లోనే ఉంది.

ఇంకేముంది! కూతురి పెదాలకు తల్లి గొంతు అతికించారు. పని చిటికెలో అయిపోయింది.

ఇప్పుడు చెప్పండి, నేనన్నదాంట్లో తప్పేముంది? పదిహేడేళ్ల నవ్వు కావాలంటే నలభై దాటిన మనిషి దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. జ్ఞానప్రసూనాంబగారు గుడివాడలో ఇంటర్ చదివిన రోజుల్లో కాలేజీ వరండాలో కష్టపడి సాధన చేసిన విద్య అది. హీరోగారు కూడా ఆ వయసులో ఏదో ఒక గోడ దూకే ఉంటారు. అనుభవం ఉన్నవాళ్లు దొరుకుతుంటే అనుభవం లేని పిల్లల్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం?

సినిమా మొన్న విడుదలైంది. వీధి వీధంతా కలిసి మొదటి ఆటకు వెళ్లాం. అనఘకు ఆరోజు గ్రాండ్ టెస్టు, రాలేదు. తెర మీద ఆ పిల్ల తల వాల్చి నవ్వగానే హాలంతా ఘొల్లున నవ్వింది. ముందు వరసల్లో ఈలలు కూడా వేశారు. నా పక్కన కూర్చున్న అచ్యుతరామారావుగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మా అమ్మాయండీ! ఇంత బాగా నవ్వుద్దని నాకు తెలీనే తెలీదండీ."

"అది నా నవ్వండీ" అన్నారు అటుపక్క నుంచి జ్ఞానప్రసూనాంబగారు.

తెర మీద పాట మొదలైంది. ఆయన భార్య వైపు వంగి, మెల్లిగా అడిగారు.

"మరి అనఘ నవ్వు ఎలా ఉంటదే?"

ఆవిడ చెప్పబోయి ఆగిపోయారు. పాట అయిపోయింది. ఆవిడ ఇంకా గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నారు.

మీరు నవ్వకండి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే, వాళ్లు గట్టిగా నవ్వగా చివరిసారి ఎప్పుడు విన్నారో చెప్పి, అప్పుడు నవ్వండి.