పడవవాడు ఎవరో ఎవరికీ చెప్పొద్దు

ఆ ఉదయం అతని పథకం చాలా చిన్నది. రొట్టె నమిలి, కాఫీ తాగి, ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం వచ్చే పంపిణీ సంస్థ ప్రతినిధికి తమ కొత్త వీడియో గేమ్ చూపించడం. ఆవిడకు నచ్చితే సంతకం, నచ్చకపోతే ఆఫీసుకు తాళం. అందుకే ఆట ముగింపును కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. ఆఫీసులో అతన్ని చాటుగా 'భూతద్దం' అంటారు. చక్కెర డబ్బా మూత వదులుగా కనిపిస్తే, ఎవరు తీశారో తేలేదాకా టీ ముట్టని మనిషి.

ఆటలో ఒక యువరాణి, నదిలో కొట్టుకుపోయిన అన్నను వెతుక్కుంటూ రేవు రేవుకీ తిరుగుతుంది. నోరు విప్పని పడవవాడొకడు ఆమెను తీసుకెళుతుంటాడు. ఆఖరి రేవులో ఆ పడవవాడే అన్న అని తేలుతుంది. ఈ గుట్టు భూతద్దానికి కాక కథ రాసిన రచయిత్రికీ, బొమ్మలు గీసే అమ్మాయికీ, సంగీతం కూర్చే కుర్రవాడికీ మాత్రమే తెలుసు.

అతను కాఫీ తాగుతుంటే ఎదురుగా అత్తగారు ఫోనులో ఆ ఆట ప్రచార వీడియో చూస్తూ నిట్టూర్చింది. "పాపం, అన్న పక్కనే ఉన్నా పోల్చుకోలేకపోయింది పిచ్చిపిల్ల."

కాఫీ పొలమారింది. "మీకెవరు చెప్పారత్తయ్యా?"

"ఒకరు చెప్పాలా బాబూ? తెలిసిందేగా!"

ఆ 'తెలిసిందే' అన్న మాట చెవిలో జోరీగలా దూరింది. వంటింట్లోకి వెళ్లి భార్యను నిలదీశాడు. "నేను నిద్రలో ఏమైనా మాట్లాడుతున్నానా?"

"మాటల్లేవు, గురకే. అదే మీ కథయితే వీధి వీధంతా ఎప్పుడో వినేసింది," అందావిడ.

ఆఫీసు లిఫ్టులో కింది అంతస్తు పళ్ల డాక్టరు ఎదురయ్యాడు. "మీ వీడియో చూశానండీ, బ్రహ్మాండం! ఇంతకీ వాడు చెల్లెల్ని ఆఖరి రేవులోనేనా పిలిచేది?"

భూతద్దం నోరు తెరిచాడు. డాక్టరు అలవాటు కొద్దీ అందులోకి తొంగిచూసి, "పైవరసలో ఒకటి పుచ్చినట్టుంది, ఓసారి కిందికి రండి," అన్నాడు.

పుచ్చింది పన్ను కాదు, తన ఆఫీసు అనిపించింది భూతద్దానికి. వెళ్లగానే అందరి ఫోన్లూ, తనదాంతో సహా, కడిగిన చెత్తబుట్టలో వేయించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇంటిదొంగను పట్టుకోవడానికి ఒక వల కూడా అల్లాడు.

మొదట రచయిత్రిని గదిలోకి పిలిచి, గొంతు తగ్గించాడు. "ముగింపు మారుస్తున్నాం. పడవవాడు అన్న కాదు, నగల కోసం వచ్చిన దొంగ. ఎవరితోనూ అనకండి."

"సార్, నేను మొదట్లోనే చెప్పాను కదా, ఈ కథ..."

"కథలు నాకు చెప్పకండి!"

తర్వాత బొమ్మల అమ్మాయిని పిలిచాడు. "పడవవాడు మనిషే కాదమ్మా, దెయ్యం. మూడో కంటికి తెలియకూడదు."

బయట దొంగ అని వినిపిస్తే రచయిత్రి పని, దెయ్యం అని వినిపిస్తే ఆ అమ్మాయి పని. సంగీతం కుర్రవాడికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తియ్యనివాడు వినేదేంటి, అనేదేంటి? ఇక మధ్యాహ్నమంతా భూతద్దం తలుపుల వెనక చెవి ఆనించి తిరిగాడు. కీబోర్డుల టకటక తప్ప ఏమీ వినిపించలేదు. అంత నిశ్శబ్దం ఉందంటే కుట్ర ఎంత పెద్దదో అని మరింత కుమిలిపోయాడు.

నిజానికి వాళ్లిద్దరూ బుద్ధిగా పని చేసుకుంటున్నారు. ఎవరితోనూ అనొద్దన్నాడు కాబట్టి ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు. రచయిత్రి మాటలన్నీ తిరగరాసింది. బొమ్మల అమ్మాయి పడవవాడి పాదాలు చెరిపేసింది.

సాయంత్రం ప్రతినిధి వచ్చిన కాసేపటికే భార్య, అత్తగారు ఆయాసపడుతూ వచ్చారు. "ఫోనెత్తరేంటండీ? ఏమైపోయారో అని హడలిపోయాం!" అంది భార్య. గుమ్మంలో గొడవెందుకని వాళ్లనూ కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టించాడు.

ఆఖరి రేవు వచ్చింది. పాదాలు లేని పడవవాడు నీళ్ల మీద జానెడెత్తున తేలుతూ వచ్చి, యువరాణి మెడలో హారం లాక్కుని, "ఇంత దూరం తెచ్చింది దీనికోసమే!" అని గర్జించాడు. వెంటనే వయొలిన్ కరిగి కన్నీరైంది. ఆ సంగీతంలో మొదట్నుంచీ కలిసి ఉన్న పాత గొంతుతో ఆ పడవవాడే గద్గదంగా "చెల్లీ!" అన్నాడు. యువరాణి కౌగిలించుకోబోతే చేతులు అతని ఒంట్లోంచి దూసుకుపోయాయి.



"ఇంతకీ ఇతను అన్నా, దొంగా, దెయ్యమా?" అడిగింది ప్రతినిధి.

"కొన్ని ఇళ్లల్లో ముగ్గురూ ఒకరేనండీ," అంది భార్య.

భూతద్దం ఇక ఆగలేకపోయాడు. "మోసం జరిగిందండీ! ముగింపు ఎవరో బయటపెట్టారు. మా అత్తగారికి తెలుసు, కింద పళ్ల డాక్టరుకి తెలుసు!"

"నాకూ తెలుసు. పదో తరగతిలో మాకు పాఠం," అంది ప్రతినిధి.

రచయిత్రి మెల్లగా అంది. "మొదటిరోజే చెప్పాను సార్, ఇది పాత కావ్య కథ అని."

"కావ్య అంటే యువరాణి పేరనుకున్నాను!"

"అందుకా, ఆ పేరే పెట్టమని పట్టుబట్టారు?"

"పదో తరగతిలో ఈయనకి గవదబిళ్లలు," అంది భార్య. "సగం పాఠాలు పోయాయి."

భూతద్దం కుర్చీలో కూలబడ్డాడు. తన వాళ్లెవరూ దొంగలు కారు. కానీ ఆ సంతోషం మింగుడుపడటం లేదు. "అయితే అందరికీ తెలిసిన కథ ఎవరు ఆడతారు?" అన్నాడు నీరసంగా.

"తెలుసు గనకే ఆడతారు బాబూ," అంది అత్తగారు. "వాడే అన్న అని మనకి తెలుసు కాబట్టే, ఆ పిల్ల 'నువ్వెవరు' అన్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. అయినా మీరు చేసిందీ తప్పు కాదు. మా అమ్మ ఇదే కథ చెబుతూ పడవవాణ్ణి దొంగని చేసేది. మేనత్త నోట వాడు దెయ్యం. వినేవాళ్లని బట్టి ముగింపు."

ప్రతినిధి కళ్లు మెరిశాయి. "ఆటకి కావలసింది అదేనండీ! యువరాణి దారి పొడుగునా మనుషుల్ని నమ్మితే అన్న. నగలు దాచుకుంటూ పోతే దొంగ. ప్రతిదానికీ జడుసుకుంటే దెయ్యం. మూడూ ఉంచి, విడదీయండి. ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?"

రచయిత్రి, బొమ్మల అమ్మాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భూతద్దం గొంతు సవరించుకుని, "నాదేనండీ," అన్నాడు. సంతకం అక్కడికక్కడే అయిపోయింది.

మర్నాడు భూతద్దం ఆ కావ్యం కొనుక్కొచ్చి, ముందుగా ఆఖరి పేజీ తిప్పాడు, ఎవరైనా మార్చేశారేమోనని.