ముద్ర సంతకాన్ని తాకవలెను

మనిషి పుట్టాక పేరు పెడతారు. కాగితం మాత్రం నంబరు పడ్డాకే పుడుతుంది. స్వతంత్ర భారత పరిపాలన మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉందని 1957 నాటికి గట్టిగా నమ్మినవాళ్లలో లిలువా దయానందం ఒకడు. కలకత్తా పక్క లిలువాలో రైలు సామాన్ల వ్యవహారం చూసే ఒక ఆఫీసులో (పేరు రాయాలంటే అనుమతి కావాలి) అతను ఇన్‌వర్డు గుమాస్తా. వచ్చిన ప్రతి కాగితం మీదా "అందినది" అన్న రబ్బరు ముద్ర కొట్టి, నంబరు వేసి, రిజిస్టరులోకి ఎక్కించడం అతని పని. పంతొమ్మిదేళ్లుగా కొడుతున్నాడు.

ముద్ర ఎక్కడ కొట్టాలన్న నిబంధన కూడా అతను పెట్టించిందే. మూలన కొడితే ఎవరైనా ఆ మూల కత్తిరించేయగలరనీ, కాబట్టి ముద్ర అర అంగుళమైనా సంతకాన్ని తాకి తీరవలెననీ 1949లో పైకి రాసుకున్నాడు. పైవాళ్లు ఒప్పుకుని, మెచ్చుకుంటూ ఉత్తరం ఇచ్చారు. (ఆ ఉత్తరం మీద ముద్ర కొట్టింది కూడా అతనే.)

ఆఫీసు బయట దయానందానికి ఒకటే పిచ్చి. విమానాలను కర్రతోనూ గుడ్డతోనూ కట్టిన రోజుల్లో సముద్రాలు దాటిన పైలట్లకు ఉత్తరాలు రాసి సంతకాలు తెప్పించుకోవడం, ఆ విమానాల్లో ఎగిరిన కవర్లు కూడబెట్టడం. ఆల్బంలో ముప్పై ఒక్క సంతకాలు చేరాయి. ముప్పై రెండో పేజీ మాత్రం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచాడు. అది హార్వుడ్ దొరది.

1933లో ఒంటి ఇంజను విమానంలో లండను నుంచి రంగూను వెళ్తూ హార్వుడ్ దొర కలకత్తాలో, డమ్‌డమ్ విమానాశ్రయంలో ఒక రోజు ఆగాడు. వాట్‌గంజ్ రేవులో క్రేను నడిపే సాల్మన్ రాజు, అంటే దయానందం తండ్రి, అంత దూరమూ నడిచివెళ్లి, రంగూనులో ఉన్న తమ్ముడు కృపాకర్ పేరున ఒక కవరు ఆయన చేతికిచ్చాడు. కవరు చేరింది. తొమ్మిదేళ్ల తర్వాత, యుద్ధంలో, కృపాకర్ బర్మా నుంచి అడవుల వెంట నడిచి వచ్చినప్పుడు చొక్కా జేబులో మిగిలిన ఆస్తి అదొక్కటే. అన్నదమ్ములిద్దరూ పోయారు. సాల్మన్ రాజు చేతిరాత ఈ లోకంలో మిగిలింది, దయానందం దాచుకున్న ఆ కవరు మీది మూడు లైన్ల చిరునామాయే.

దొరకు ఎనభై దాటాయనీ, చేతులు వణుకుతున్నాయనీ, అయినా కవరు పంపితే సంతకం పెడతాడనీ ఆయన కూతురు రాసింది. పోస్టాఫీసుల మీద దయానందానికి నమ్మకం లేదు. (ముద్రలు కొట్టేవాళ్ల సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది.) కవరును రెండు అట్టల మధ్య పెట్టి, పెద్ద కవరులో దూర్చి, వెనక్కి కూడా అలాగే పంపమని బతిమాలుతూ రాశాడు. తిరుగు చిరునామా ఆఫీసుది ఇచ్చాడు.

"ఇంటికి రప్పించుకోరాదేటి?" అంది భార్య లోయిస్.

"మన పోస్టుమేను పక్క క్వార్టర్లో పడీసి పోతాడు. ఆఫీసుకైతే ఏ కాగితమైనా ముందు నా చేతికే వస్తాది. అంతకన్నా భద్రమైన చోటు కలకత్తాలో ఏటుంది?"

లోయిస్ ఆదివారం చర్చిలో ఆ కవరు కోసం ప్రార్థన చేయించింది.

ప్రార్థన ఫలించింది. రెండు నెలల తర్వాత ఒక మంగళవారం కవరు క్షేమంగా వచ్చింది. అటెండరు సూరన్న రోజూలాగే టపా అంతా కోసి, లోపలివి తీసి, దొంతిగా బల్ల మీద పెట్టాడు. దయానందం ఎడమచేత్తో కాగితం లాగుతూ, కుడిచేత్తో ముద్ర కొడుతూ, హెడ్డుగుమాస్తా కామేష్ గారితో మాట్లాడుతున్నాడు.

"ఈ ముద్రలు కొట్టీవోళ్లున్నారు చూడండి, ఆళ్ల కళ్లు చూడవండి. చెయ్యొక్కటే పన్జేస్తాది. అందుకే అట్టలెట్టి మరీ పంపేను."

"మంచి పని చేశారు," అన్నారు కామేష్ గారు.

"దాదా," అన్నాడు సూరన్న. "ఇప్పుడు కొట్టింది మీదిలాగుంది."

నంబరు 417. వణికే చేతితో పెట్టిన హార్వుడ్ సంతకం మీద, సరిగ్గా నిబంధన ప్రకారం, ఊదారంగు ముద్ర ఆరుతోంది. ముద్ర పడితే పడిందిలే అనుకుని దయానందం కవరు జేబులో పెట్టుకోబోయాడు.

"నంబరు పడిపోయిందండీ," అన్నారు కామేష్ గారు. "ఇక అది ఆఫీసు కాగితం. 416 తర్వాత 418 ఉంటే ఆడిట్‌వాళ్లు ఊరుకుంటారా?"

"మా నాన్న రాతండి అది."

"కాదనను. అర్జీ పెట్టుకోండి."

దయానందం అర్జీ పెట్టుకున్నాడు. తన అర్జీని తానే అందుకుని, ముద్ర కొట్టి, 431 వేశాడు. రైళ్ల ఆఫీసులో విమానాల సెక్షను లేదు గనుక కవరును "ఇతరములు" ఫైల్లో చేర్చారు. ఆ ఫైలు మూడు బల్లలు తిరిగింది. మొదటి బల్ల, చిరునామాదారు కృపాకర్ స్వయంగా ఎందుకు హాజరు కాలేదని అడిగింది. (పోయాడని రాస్తే, ఆ మాట ఆయన చేతనే రాయించగలరా అంది.) రెండో బల్ల, రంగూను వెళ్లవలసిన ఉత్తరం ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా లిలువాకు చేరడానికి బాధ్యులెవరో తేల్చమంది. మూడో బల్ల దయతలచింది. అసలు కవరు ఇవ్వడం కుదరదు, ధ్రువీకరించిన నకలు ఇవ్వవచ్చును.

నకలు పదకొండో నెలలో చేతికొచ్చింది. ఈలోగా హార్వుడ్ దొర పోయాడు. దయానందం దాన్ని ఇంటికి తెచ్చి ముప్పై రెండో పేజీలో అంటించాడు. లోయిస్ కళ్లజోడు పెట్టుకుని చూసింది. తెల్ల కాగితం మీద కృపాకర్ చిరునామా మూడు లైన్లుగా టైపు కొట్టి ఉంది. దాని కింద, నకళ్ల రివాజు ప్రకారం, "సంతకం ఉన్నది" అని రెండు మాటలు.

"దొర సంతకమేది?"

"ఉందని రాసేరు కదా."

"మావయ్య రాతో?"

"అసల్లో ఉంది."

దయానందానికి ఏడుపొచ్చింది, నకలు తడుస్తుందని ఆపుకున్నాడు. కాగితం అడుగున మాత్రం నిజమైన సిరాతో ఒక సంతకం ఉంది. అది నకలును ధ్రువీకరించిన సూపరింటెండెంటుది. దాని పక్కన ఊదారంగు ముద్ర. అలవాటు కొద్దీ అతను స్కేలు తెచ్చి కొలిచాడు. ముద్ర సంతకాన్ని సరిగ్గా అర అంగుళం తాకింది.