చిల్లు ముందు, సిలిండరు తర్వాత

ప్రభుత్వ పథకాలన్నిటిలోకీ గొప్పది ఏదంటే, ఆగిపోయిన పథకం. ఎవరికో భజన చేయడానికి ఈ మాట అనడం లేదు. మా బావమరిది వ్యాను సాక్షిగా అంటున్నాను.

మా ఆవిడకు అతను ఒక్కగానొక్క తమ్ముడు. బేకరీ నుంచి బ్రెడ్డూ బన్నులూ తీసుకెళ్ళి దుకాణాలకు వేస్తుంటాడు. అతనికో పెట్రోలు వ్యాను ఉంది. అది దగ్గితే వీధంతా దగ్గేది. అలాంటి రోజుల్లో ప్రత్యామ్నాయ ఇంధన పథకం వచ్చింది. పెట్రోలు బండిని గ్యాసుకు మార్చుకుంటే కిట్టూ సిలిండరూ ఉచితం! షరతు ఒక్కటే. దొంగచాటుగా మళ్ళీ పెట్రోలు పోయించుకోకుండా, బండిని ఆఫీసుకు తెచ్చి, ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట ట్యాంకుకు చిల్లు వేయించుకోవాలి. చిల్లు పడినట్టు స్టాంపు కొట్టిన కాగితం రెండో కౌంటర్లో చూపిస్తే సిలిండరు చేతికిస్తారు.

మావాడు వెనకాముందూ ఆడాడు. అప్పుడు ఇదే కాలమ్‌లో "పౌరుడా, తొలి అడుగు నీదే కావాలి" అని రాసి అతన్ని ఎగదోసింది నేనే. పాపం, ఆ వ్యాసం కత్తిరించి వ్యాను ముందద్దానికి అంటించుకుని మరీ వెళ్ళాడు.

పదకొండు గంటలకు చిల్లు పడింది. గుండ్రంగా, ముచ్చటగా, మూడు వేళ్ళు దూరేంత చిల్లు. కాగితం పట్టుకుని రెండో కౌంటర్ చేరేసరికి పదకొండుంపావు. అక్కడ గుమస్తా కిటికీకి నోటీసు అంటిస్తున్నారు.

"పథకం ఆగిపోయిందండీ," అన్నారు.

"ఇప్పుడేగా చిల్లు వేశారు?"

"చిల్లు వేరే సెక్షనండీ. వాళ్ళకింకా ఆర్డరు అందినట్టు లేదు."

పోనీ చిల్లుకు అతుకు వేయించుకుందామంటే అది నేరమట. పథకం పోయింది గానీ షరతు పోలేదట. వ్యానును తోసుకుంటూ ఇంటికొచ్చాడు.

పాఠకులారా, మీరు తొందరపడి ప్రభుత్వాన్ని తిట్టుకోకండి. ఆ వ్యాను కేసి ఒకసారి చూడండి. పెట్రోలు పోస్తే నిలవదు, గ్యాసుకు సిలిండరు లేదు. చుక్క ఇంధనం తాగని వాహనం! శాస్త్రవేత్తలు ఇన్నేళ్ళుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న పనిని ఆ ఆఫీసు వాళ్ళు ఒక్క డ్రిల్లు మిషనుతో పావుగంటలో చేసేయలేదా? పొగ తనిఖీ వాళ్ళు వచ్చి గొట్టంలో మీటరు పెడితే సున్నా చూపించింది. మీటరు పాడైందేమోనని ఇంకోటి తెచ్చారు. అదీ సున్నాయే. చివరికి సర్టిఫికెట్ ఇచ్చి, వ్యాను పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళారు.

ఇక ఆరోగ్యం సంగతి చెప్పాలా? మూడు రోజులపాటు బ్రెడ్డు వ్యానును నేనూ, మా బావమరిదీ, ఎదురింటి రిటైర్డు లెక్కల మాస్టారూ తోశాం. మాస్టారికి పదేళ్ళుగా పట్టేసిన మోకాలు వదిలింది. నా బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. దొంగల భయం అసలే లేదు, తాళం బండికే వదిలేస్తున్నాం. ఒకడు నిజంగానే వచ్చి, వీధి చివరిదాకా తోసి, ఆయాసపడుతూ వెనక్కొచ్చి, మా గుమ్మంలో మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు.

ఈ ప్రగతి ఒక్క బన్నులకే నచ్చలేదు. ఏడింటికి దుకాణం చేరాల్సినవి మధ్యాహ్నానికి చేరి గట్టిపడిపోయేవి. నాలుగో రోజు బేకరీ యజమాని మావాణ్ణి పిలిచాడు. "ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నీ లైను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తా, ఏమనుకోకు."

ఆ సాయంత్రం మా బావమరిది వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అరవలేదు, తిట్టలేదు. అద్దం మీంచి ఊడదీసిన నా వ్యాసాన్ని బల్ల మీద పెట్టాడు.

"తొలి అడుగు వేశాను బావా. రెండోది ఎక్కడ వేయాలో కూడా రాయరాదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ నా స్కూటర్ తాళాలు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. ఇప్పుడు నా ముసలి పెట్రోలు స్కూటరే బన్నులు మోస్తోంది, వ్యానుకు రెట్టింపు పొగతో. లైను నిలబడింది. నేను నడుస్తున్నాను.

నిన్న ఆ ఆఫీసు నుంచి నాకో ఉత్తరం వచ్చింది. పథకం మళ్ళీ మొదలయ్యే అవకాశం ఉందట, స్కూటర్ల వాళ్ళు ముందుగానే చిల్లులు వేయించుకుని సిద్ధంగా ఉండాలట. ఆ చిల్లుల సెక్షను ఇన్నాళ్ళూ ఒక్కరోజు కూడా ఆగలేదట! మిషను కొన్నాక, మనిషిని పెట్టాక, ఊరికే కూర్చోబెట్టలేరు కదా. నడుచుకుంటూ వెళ్ళి అదే గుమస్తాను కలిశాను.

"తప్పకుండా వేయించుకుంటానండీ. కాకపోతే ముందు సిలిండరు ఇవ్వండి, తర్వాత చిల్లు."

ఆయన కళ్ళజోడు తీసి నావంక జాలిగా చూశారు.

"ముందే ఇచ్చేస్తే, రేపు మీరు మాట తప్పరని మాకేంటండీ నమ్మకం?"