అయిదింట మూడు వంతుల అదృష్టం

నల్లవాళ్ళకి ఈ దేశంలో విలువ లేదనేవాళ్ళ నోళ్ళు ఈ వారంతో మూతపడాలి! మన అమెరికా కొత్త రాజ్యాంగం అచ్చయి వచ్చింది. అందులో దొరల కింద పడి ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టారు. నిన్నటిదాకా గుర్రాల పక్కన, నాగళ్ళ పక్కన లెక్కలో ఉన్నవాళ్ళే కదా? ఒక్క వేసవిలో సగం దాటించేశారు! ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారండీ?

పైగా అది రాసిన పెద్దలు ఎంత కష్టపడ్డారనుకున్నారు! ఫిలడెల్ఫియా ఎండలో, గుట్టు బయటికి పొక్కకూడదని కిటికీలన్నీ బిగించుకుని, ఉన్ని కోట్లలో ఉడికిపోయారు. చట్టసభలో సీట్లు పంచుకునేటప్పుడు దక్షిణాది దొరలు "వాళ్ళూ నిండు మనుషులే" అన్నారట. పన్ను మాట రాగానే "అబ్బే, అదంతా ఆస్తి" అన్నారట. ఉత్తరాది వాళ్ళు ఈ రెండు మాటల్నీ తిరగేసి చెప్పారట. చివరికి బేరం మూడు వంతుల దగ్గర తెగింది. మా చేపల మార్కెట్లో కూడా బేరం ఇంత మర్యాదగా తెగడం నేను చూడలేదు.

ఓటు మాత్రం వాళ్ళకి లేదు. వాళ్ళ మూడు వంతుల పేరు చెప్పి వచ్చే సీట్లో వాళ్ళ దొరే కూర్చుంటాడు. ఓటు కోసం ఎండలో నిలబడే శ్రమ కూడా తప్పించారన్నమాట!

ఈ శుభవార్త ముందు బైనాకి చెప్పాలనిపించింది. మార్కెట్ మూలన మిరియాల పులుసు అమ్ముతుంది బైనా. పశువుల పేగులు, మిరియాలు వేసి ఆమె కుండ మరిగిస్తుంటే, రాజ్యాంగం రాసే పెద్దలు కూడా ఆగి ఓ గిన్నెడు తాగేవారు. దక్షిణాదిన కరోలినా వరి పొలాల నుంచి పారిపోయి వచ్చిన మనిషని వీధికంతా తెలుసు. వీధి నోరు విప్పదు. కానీ కిందటి వారం, ప్రతినిధుల వెంట ఊరు చూడ్డానికి వచ్చిన థార్న్‌బీ దొర ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇది మా బావగారి వంటింటి రుచే!" అంటూ ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. బైనా తల వంచుకుని కుండ కలుపుతూనే ఉంది.

ఈ వారం నేను ఆమె దగ్గర మా పేపరు విప్పి, మూడు వంతుల సంగతీ, ఆ వెనకే పారిపోయినవాళ్ళ సంగతీ చదివి వినిపించాను. ఒక రాష్ట్రంలో పనికి కట్టుబడ్డ మనిషి ఇంకో రాష్ట్రానికి పారిపోతే, హక్కుదారు అడిగిన వెంటనే అప్పగించి తీరాలి.

"ఇంకోసారి చదవండయ్యా" అంది. చదివాను.

"మూడు వంతులే అప్పగిస్తారా?"

"లేదు బైనా, మొత్తం మనిషిని."

"బాగుందయ్యా వరస! లెక్కకొస్తే మూడు వంతులు, సంకెళ్ళకొస్తే నిండు మనిషినా? ఆ మిగతా రెండు వంతులూ ఎప్పుడొచ్చి అతుక్కున్నాయంట?"

రాష్ట్రాలు ఒప్పుకుంటేనే ఈ రాజ్యాంగం అమలవుతుందని సముదాయించబోయాను.

"ఒప్పుకుంటే వాళ్ళ సొమ్మేం పోతుందయ్యా?" అంది బైనా, పొయ్యిలో నీళ్ళు పోసేస్తూ.

మర్నాడు థార్న్‌బీ దొర ఇద్దరు మనుషుల్నీ ఒక తాడునీ వెంటబెట్టుకుని దిగాడు. మూలన తడిసిన బూడిద తప్ప ఏమీ లేదు.

"ఏమయ్యా పేపరాయనా, మా బావగారి బానిస ఏది?"

"బానిసా?" అన్నాను, జేబులోంచి రాజ్యాంగం తీసి. "మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివానండీ, ఆ మాట ఎక్కడా లేదే! అంతమంది పెద్దలు వేసవంతా కూర్చుని రాసిన దాంట్లోనే లేనిది, మా మార్కెట్లో వెతుకుతారేంటండీ?"

దొర నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. అయినా ఆ కాగితం మీద నా గౌరవం చెక్కు చెదరలేదు. బానిస అని రాయడానికి కూడా సిగ్గుపడ్డారు మన పెద్దలు, ఎంత సున్నితమైన మనసులు! ఉంచుకోవడానికి మాత్రం సిగ్గుపడలేదు.

బైనా, నువ్వెక్కడున్నావో నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను. ఎక్కడున్నా నిండు మనిషిగా ఉండు తల్లీ.