బొజ్జకు ప్రథమ బహుమతి

కోచబాంబా లోయలో జరిగిన బలిసిన గినీపందుల పోటీలో నికాసియా వంటింట పుట్టిపెరిగిన ‘జెనరల్’ ఏకగ్రీవంగా గెలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ బొజ్జ అలాంటిది మరి.

నికాసియా మాత్రం బహుమతి కోసం రాలేదు. జెనరల్ పెంటికలు వేసి ఆరు రోజులైంది. ఆమెకు కడుపు కదిలి పదకొండు రోజులైంది. ఇద్దరూ పడుకునేది ఒకే మట్టిగోడ పక్కన. దాని పగుళ్లలోంచి వించూకా పురుగులు దిగి, ఏ పక్షపాతమూ లేకుండా ఇద్దరి నెత్తురూ తాగుతాయి. లోయకు మనుషుల వైద్యుడు వచ్చి ఏళ్లయింది. పోటీకి పశువైద్యుడు వస్తాడని విని, దాని రోగం తెలిస్తే తనదీ తెలుస్తుందని ఆశపడి బుట్టలో పెట్టుకొచ్చింది పిచ్చితల్లి.

“అయ్యా, ఇది బలుపు కాదు, వాపు!” అంది వేదిక మీద.

“చూశారా ఈ వినయం!” అన్నారు మేయర్ దోన్ క్రిసాంతో. “ఇలాంటి బొజ్జలే మన లోయ ప్రగతికి కొలబద్దలు!”

బాండు మోగింది. జెనరల్ మెడలో రంగుల పట్టీ వేశారు. పట్టీ ముడి పడేలోగా అది చచ్చిపోయింది.

ఆనందాతిరేకమే మరణకారణమని మేయర్ కార్యాలయం ప్రకటించింది. పశువైద్యుడు మొండిఘటం, అందరి ముందే కోసి చూశాడు. పెద్దపేగు మొక్కజొన్న కంకంత లావెక్కి, గట్టిపడ్డ మలంతో బిగుసుకుపోయి ఉంది.

“ఇది చాగస్ జబ్బమ్మా. వించూకా రెట్టలోని పరాన్నజీవి లోపలికిపోయి పేగు నరాల్ని చంపేసింది. ఇక పేగు దేన్నీ తొయ్యలేదు, ఊరికే సాగుతుంది.”

“మరి నా కడుపో, డాక్టరుగారూ?”

“నేను మనుషుల్ని ముట్టకూడదు తల్లీ. పట్నం ఆసుపత్రికి వెళ్లు. ముందు గోడలకు మందు కొట్టించు.”

మందు కొట్టేవాళ్లు వారంలోనే వచ్చారు. ఊరంతా తలుపులు బిగించుకుంది. బొజ్జ రహస్యం పురుగుల్లో ఉందని జనానికి తెలిసిపోయింది కదా!

“నీకు బహుమతొచ్చింది, చాలా? మా గినీపందులు బలవొద్దా?” అని పొరుగింటి ఫ్లోరెన్సియా నికాసియా మీదికి ఎగిరింది.

తలుపు తీసింది నికాసియా ఒక్కతే. కానీ ఆమె గోడకు అప్పటికే మేయర్ కంచు ఫలకం కొట్టించారు: ‘విజేత జన్మస్థలం. ముట్టరాదు.’ మందువాళ్లు టోపీలు తీసి, వందనం చేసి వెళ్లిపోయారు. పురుగులు ఫలకం వెనక్కి కాపురం మార్చాయి.

ఆదివారం మేయర్ ఆ ఫలకానికి పూలదండ వేయడానికి వచ్చారు. గుమ్మంలో కడుపు పట్టుకుని నిలబడ్డ నికాసియాను చూసి మురిసిపోయారు.

“బహుమతి వచ్చాక దోన్యా నికాసియా ఎంత ఒళ్లు చేసిందో చూడండి!”

“అయ్యా, ఇదీ వాపే. నొప్పికి తట్టుకోలేకపోతున్నా. మీ బండిలో ఆసుపత్రికి పంపించండి, మీకు పుణ్యముంటుంది.”

“చూశారా ఈ వినయం!” అన్నారు మేయర్.

అందరం చప్పట్లు కొట్టాం.