ప్రళయం ఆపిన రబ్బరు ముద్ర

ఆ సోమవారం హెడ్ గుమాస్తా పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా స్నానం, పదింటికల్లా ఆఫీసు, పన్నెండింటికల్లా బల్లమీదున్న డెబ్బై రెండు అర్జీలూ ఖాళీ. తీరా చూస్తే స్నానం దగ్గరే పేచీ వచ్చింది. కుళాయిలో చుక్క నీరు లేదు. వీధి చివర భూమిలో గొట్టం పగిలి నాలుగు నెలలైంది. అప్పటినుంచీ నీళ్ళు వీధికి అందుతున్నాయే తప్ప ఇళ్ళకు అందడం లేదు.

"మీ ఆఫీసులో ఒక మాట చెప్పకూడదూ?" అంది భార్య, రెండు ఖాళీ బకెట్లు ఆయన చేతికిస్తూ.

"నోటిమాటతో పనులు కావు. ఏదైనా అర్జీ రూపంలో రావాలి," అన్నాడాయన, ఆఫీసులో అలవాటైన గొంతుతో.

ఆమె ఆయనవైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన బకెట్లు పట్టుకుని పక్కవీధికి నడిచాడు.

నగరపాలక కార్యాలయంలో ప్రజల అర్జీల విభాగానికి ఆయనే సర్వాధికారి. అందరూ ఆయన్ని సున్నాగారు అంటారు. ఎందుకంటే నెలాఖరు నివేదికలో 'పెండింగు' అన్నచోట ఆయన ఆరేళ్ళుగా సున్నా తప్ప మరో అంకె వేయలేదు. దానికి ఆయన కనిపెట్టిన పద్ధతి బహు సులువు. అర్జీ చదివితే ఆలస్యం, అందుకని చదవడు. కుడిచేత్తో కాఫీ తాగుతూ ఎడంచేత్తో 'సమస్య పరిష్కరించడమైనది' అనే రబ్బరు ముద్ర వేస్తాడు. పక్క బల్లమీది టైపిస్టు ఆ నంబరు కంప్యూటర్లో కొట్టగానే అదే ముక్క అర్జీదారుడి ఫోనుకు వెళుతుంది. కాలేదు మొర్రో అని ఎవరైనా మళ్ళీ రాసుకుంటే అది కొత్త అర్జీ కింద లెక్క. దాన్నీ పరిష్కరించేస్తాడు. నెలాఖరుకు సూపరింటెండెంటు పదవి ఖాళీ అవుతోంది. ఆ కుర్చీకి, తనకు మధ్య అడ్డు రాగలిగేది పెండింగు ఒక్కటేనని ఆయన లెక్క.

ఆ రోజు వచ్చిన అర్జీల్లో నలభై ఒకటోది రిటైరైన డ్రిల్లు మాస్టారిది. ఎక్కడో దూరదేశంలో భూమికింద కొన్ని మైళ్ళ పొడవున గుండ్రటి సొరంగం తవ్వి, అందులో అణువుకన్నా చిన్న కణాలను ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దించబోతున్నారు. బుధవారం పదకొండు గంటలకు మొదలు. విశ్వం ఎలా పుట్టిందో తెలుసుకోవడానికట. ఇదంతా టీవీ వాళ్ళు చెప్పలేదు. 'భూమికి ఇక మూడు రోజులేనా?' అని మాత్రం రేయింబవళ్ళు అడిగారు. చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి వాళ్ళ బాధ్యత ఏమీ లేదు. స్నానాలగది తూములోకి నీళ్ళు సుడి తిరిగి పోయినట్టు భూగోళం ఒక నల్లటి బిలంలోకి జారిపోయే బొమ్మను గంటకు ఇరవైసార్లు చూపించారు. చర్చలో భౌతికశాస్త్రం తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన నోరు తెరిచేసరికి ప్రకటనలు వచ్చాయి.

డ్రిల్లు మాస్టారు ముప్ఫై ఏళ్ళు ఈల ఊది పిల్లలను ఆపినవాడు. ఆ కణాల యంత్రాన్ని ఆపడమూ అంత పనేనని ఆయన నమ్మకం. 'సదరు ప్రయోగాన్ని తక్షణం నిలుపుదల చేయించి భూగోళాన్ని కాపాడవలసిందిగా' నగరపాలక కార్యాలయానికి అర్జీ పెట్టాడు. దానిమీద ముద్ర పడింది. పదకొండుంబావుకల్లా మాస్టారి ఫోనుకు కబురొచ్చింది: 'మీ సమస్య పరిష్కరించడమైనది.'

మాస్టారు ఆ ఫోను పట్టుకుని వీధివీధీ తిరిగాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ళు నిజానికి ప్రళయానికి సిద్ధపడి ఉన్నారు. దర్జీ అప్పటికే కత్తెర పక్కన పెట్టేసి, గురువారం ఉంటే కదా చొక్కా వేసుకునేది అని వచ్చినవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపుతున్నాడు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన మంగళవారం సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్ళి, పన్నెండేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా తలుపు తీసిపెట్టి మరీ కక్కేశాడు. కాలేజీలో భౌతికశాస్త్రం లెక్చరరు ఒకావిడ ఊరుకోలేక గ్రంథాలయంలో ఉపన్యాసం పెట్టింది. కణాలు గుద్దుకుంటే ఒక్కసారికి పుట్టే శక్తి పది పదిహేను దోమలు ఎగిరినంత ఉంటుందని ఓపిగ్గా చెప్పింది. మర్నాడు ఆ దోమలు ఊళ్ళోకి రాకుండా మందు కొట్టించాలని తొమ్మిది అర్జీలు వచ్చాయి. సున్నాగారు తొమ్మిదింటినీ పరిష్కరించాడు.

బుధవారం పదకొండయింది. యంత్రం కదల్లేదు. దాన్ని చల్లబరిచే గొట్టం ఒకటి ఎక్కడో కారిందని, బాగుచేసి వచ్చే బుధవారం మొదలుపెడతామని అక్కడివాళ్ళు ప్రకటించారు. ఆ సంగతి టీవీలో కింద సన్నటి గీతగా పోయింది. పైన డ్రిల్లు మాస్టారి ఫోను నిండుగా కనిపించింది.

మధ్యాహ్నానికి ఆఫీసు మెట్లమీద కాలు పెట్టే చోటు లేదు. సున్నాగారికి సంగతి అర్థమయ్యేసరికి ఆయన ముందు నాలుగు మైకులున్నాయి. అర్జీ చదవలేదని చెబితే ఉద్యోగం, చదివే ముద్ర వేశానని చెబితే మతి, ఏదో ఒకటి పోయిందంటారు. అంతలో వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. చప్పట్లు మనిషిని ఎంతకైనా తెగించేలా చేస్తాయి.

"ఇందులో నేను చేసిందేముందండీ. అర్జీ వచ్చింది, చర్య తీసుకున్నాం. విధి నిర్వహణ, అంతే," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికి కొమ్ములు మొలిచాయి. భూగోళాన్ని కాపాడినవాడు బకెట్లు మోయడం బాగుండదేమోనని భార్యతో అన్నాడు. ఆమె బకెట్లు చేతికిచ్చింది.

గురువారం మరో రకం జనం వచ్చారు. దర్జీ వాకిట్లో చొక్కాలవాళ్ళు కూర్చున్నారు. బ్యాంకు ఉద్యోగికి మేనేజరు గదినుంచి పిలుపొచ్చింది. ఊరందరి ప్రళయాన్ని ఆపేముందు ఊరి అభిప్రాయం ఎందుకు తీసుకోలేదని, తమను నమ్మించి మోసం చేశారని వాళ్ళంతా కలిసి అర్జీ రాశారు. అసలా ప్రయోగం ఏమిటో, ఎందుకు చేస్తున్నారో మెచ్చినవాళ్ళూ అడగలేదు, తిట్టినవాళ్ళూ అడగలేదు. లెక్చరరు రెండో ఉపన్యాసం పెడితే ఆమె, వాచ్‌మన్ ఉన్నారు. వాచ్‌మన్ తాళాలకోసం ఉన్నాడు.

ఇంత పేరు వచ్చాక పైఆఫీసు ఊరుకుంటుందా? ఈ పద్ధతేదో తెలుసుకుని అన్ని ఊళ్ళలో పెట్టాలని ఒక తనిఖీ అధికారిణిని పంపింది. ఆమె సరిగ్గా తర్వాతి బుధవారం పదిన్నరకు వచ్చింది. సున్నాగారు ఆమెకు తన కుర్చీ వేసి, సూపరింటెండెంటు గదివైపు ఓరగా చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆమె రిజిస్టరు తిరగేసి, కళ్ళు మూసుకుని పదిచోట్ల వేలు పెట్టింది. ఆ పదిమందికీ అందరికీ వినబడేలా ఫోన్లు చేయమని టైపిస్టుతో చెప్పింది. మొదటి ఫోను వీధిదీపం గురించి. వెలగలేదు. రెండోది మురుక్కాలవ. అది ఇప్పుడు వాళ్ళ గడపదాకా వచ్చిందట. మూడోది దోమలు. ఎనిమిదోది అయ్యేసరికి సున్నాగారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. తొమ్మిదో నంబరు కొట్టాక టైపిస్టు ఎందుకో తల దించుకుంది. ఫోనులో పలికిన గొంతు సున్నాగారికి బాగా తెలుసు.

"గొట్టం గురించి అర్జీ పెట్టి మూడు నెలలైందండీ," అంది భార్య. "పరిష్కరించామని మూడుసార్లు ఫోనుకొచ్చింది. ఆ ముద్ర వేసింది మా ఆయనే. నీళ్ళు మోస్తున్నదీ ఆయనే. అక్కడెక్కడో అంత పెద్ద యంత్రానికి గొట్టం కారితే పని ఆపి మరీ వారంలో బాగుచేసుకున్నారట కదండీ?"

అధికారిణి సున్నాగారివైపు చూసింది. ఆయన ఫ్యానువైపు చూశాడు.

పదోది డ్రిల్లు మాస్టారి నంబరు. అప్పటికి పదకొండుంబావు. దూరదేశంలో యంత్రం మొదలై పదిహేను నిమిషాలైంది. కణాలు గుద్దుకున్నాయి, అక్కడివాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మిగతా లోకం ఎక్కడిదక్కడే ఉంది. టీవీ అప్పటికే ఒక నటుడి విడాకుల మీద ప్రశ్నార్థకాలు వేస్తోంది.

"పూర్తిగా పరిష్కారమైందమ్మా," అన్నాడు మాస్టారు. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అంతా బాగానే ఉంది."

అధికారిణి నివేదిక రెండే వాక్యాలు. పరిశీలించిన పది అర్జీల్లో నిజంగా పరిష్కారమైనది ఒకటి. దాని విషయం, భూగోళ వినాశనం.

సూపరింటెండెంటు కుర్చీ టైపిస్టుకు వెళ్ళింది. సున్నాగారిని నీటిగొట్టాల మరమ్మతు విభాగానికి మార్చారు. మొదటి పనిగా ఆయన వీధి చివర గొట్టమే రాసిచ్చారు. సోమవారం ఉదయం ఆయన ప్యాంటు మడిచి బురదలో దిగి, పగిలిన చోటు స్వయంగా వెతికి పట్టుకున్నాడు. ఆరేళ్ళలో ఆయన కళ్ళారా చూసిన మొదటి సమస్య అదే. మనసు నిజంగానే చివుక్కుమంది. అతుకు వేయడానికి రెండు గజాల గొట్టం కావాలని ఆఫీసుకు ఫోను చేశాడు. నోటిమాటతో కాదు, అర్జీ రూపంలో రావాలన్నారు. గట్టుమీద కూర్చుని రాసి పంపించాడు.

భార్య వాకిట్లో బకెట్లు పట్టుకుని చూస్తోంది. ఇవాళ సాయంత్రానికి నీళ్ళొస్తాయని ఆమెకు మాటిచ్చాడు. ఇరవై నిమిషాల్లో ఆయన ఫోను మోగింది. బురద చేతిని చొక్కాకు తుడుచుకుని చూశాడు.

'మీ సమస్య పరిష్కరించడమైనది.'

కొత్త హెడ్ గుమాస్తాను ఆఫీసులో అప్పుడే సున్నాగారు అంటున్నారట.