ప్లాంటుకు నిత్యదీపం

మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటును ఎప్పుడూ నడపకూడదు! నడిపితే అరిగిపోతుంది, వాసన వేస్తుంది, కరెంటు తాగేస్తుంది. నమ్మకం లేకపోతే తిరువూరు వచ్చి మా అమృతవాహిని టవర్స్ చూడండి. ఏడంతస్తులు, రెండు లిఫ్టులు, గేటు దగ్గర ఫౌంటెను, సెల్లారులో ఒక ఎస్‌టీపీ. అంటే స్నానాలకీ, గిన్నెలకీ, ఇంకా పైకి చెప్పుకోని పనులకీ వాడిన నీళ్ళను శుభ్రం చేసి, మళ్ళీ ఫ్లష్‌లకూ మొక్కలకూ పంపే యంత్రం. పెట్టి రెండేళ్ళయింది. ఒక్క బోల్టు తుప్పు పట్టిందేమో చూపించండి!

ఈ ఘనతంతా అసోసియేషన్ ప్రెసిడెంటు కోదండరామయ్యగారిది. ఆయనకు బజార్లో నూనె మిల్లుంది. మిల్లులో కొత్త మోటారు దించినా, పాత కాటా మార్చినా పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టందే స్విచ్ మీద చెయ్యి వేయనివ్వరు. అలాంటి మనిషి ఇంత పెద్ద ప్లాంటును ఊరికే వదిలేస్తారా?

ప్రారంభం రోజున పంతులుగారిని పిలిపించారు. ట్యాంకులకు పసుపు, మోటారుకు బంతిపూల దండ, ఎదురుగోడకు గంగమ్మ పటం. కోదండరామయ్యగారి శ్రీమతి బాలామణిగారు దీపం వెలిగించి చక్రపొంగలి నైవేద్యం పెట్టారు. ఫ్లాట్లవాళ్ళంతా చెప్పులు బయట విడిచి, వరుసగా వచ్చి దణ్ణం పెట్టుకున్నారు. అప్పుడు కంపెనీ ఇంజినీరు ముందుకొచ్చి వాల్వు పట్టుకున్నాడు.

"ఆగు నాయనా! దీంట్లోకి ఏ నీళ్ళు వదుల్తున్నావు?" అన్నారు కోదండరామయ్యగారు.

"బాత్రూముల నీళ్ళండి."

"గంగమ్మ ఎదురుగానా?"

పాపం, ఇలాంటి ప్రశ్న ఆ కుర్రాడికి ఏ పరీక్షలోనూ రాలేదు. కోదండరామయ్యగారి కోడలు నాగలత మాత్రం ధైర్యం చేసింది.

"మావయ్యగారూ, పటం మనింటికి తీసుకెళ్ళి పెట్టుకుందామండి. మిషన్ దాని పని అది చేసుకుంటుంది."

"పూజ చేసి కూర్చోబెట్టిన అమ్మవారిని లేచి పొమ్మంటావా అమ్మా?"

ఇంజినీరు వాల్వు తిప్పకుండానే చెయ్యి తీసేశాడు. ఆ తర్వాత "ప్లాంటు రన్ చేస్తున్నారా సార్?" అని కంపెనీ నుంచి ఫోనొస్తే, "రోజూ దీపం పెడుతున్నాం" అని కోదండరామయ్యగారు నిజాయితీగా జవాబు చెప్పేవారు. రోజూ ఉదయమే బాలామణిగారు గది కడిగించి, పటం తడిబట్టతో తుడిచి, ముగ్గు వేసేవారు.

ప్లాంటు నడవకపోవడం వల్ల కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు! బోరు మొదటి ఎండాకాలం రాకముందే చేతులెత్తేసింది కాబట్టి మంచినీళ్ళ ట్యాంకరు రోజూ ముందు గేటుకు వస్తుంది. దాని కోసం ఎదురుచూస్తూ ఏడంతస్తుల జనం కిందికి దిగి ఒకరినొకరు పలకరించుకుంటారు. ఇంత స్నేహం ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళొచ్చే అపార్టుమెంట్లలో ఉందా? పిల్లలు అరబకెట్టుతో స్నానం చేయడం నేర్చుకున్నారు. ఫౌంటెనులో చుక్క లేదు కాబట్టి దోమలూ లేవు. మరి వాడిన నీళ్ళంటారా? వాటిని తోడుకుపోయే బండి పొద్దున్నే వెనక గేటుకు వస్తుంది. అది వచ్చే వేళకు అందరూ ఆ వైపు కిటికీలు మూసేసుకుంటారు. చూడనిదాని గురించి బాధెందుకు?

అలా హాయిగా గడుస్తుండగా కోదండరామయ్యగారి షష్టిపూర్తి వచ్చింది. టెర్రస్ మీద షామియానా వేశారు. విస్సన్నపేట నుంచీ గంపలగూడెం నుంచీ బంధువులు దిగారు. నెమలి గ్రామం నుంచి పంతులుగారొచ్చారు. కొడుకూ కోడలూ కలశాల నీళ్ళు తల మీద పోస్తుంటే, అరవై ఏళ్ళ పెద్దమనిషిగా అందరి ముందూ మంగళస్నానం చేయాలని ఆయన ఎన్నాళ్ళుగానో ముచ్చట పడుతున్నారు.

పొద్దున్నే ఏర్పాట్లు చూడటానికి కిందికి దిగితే, వెనక గేటు దగ్గర బండి యజమాని అంకారావు గొట్టం వేసి మురుగు తోడుతున్నాడు. ఆయనకు ప్రాణం చివుక్కుమంది.

"ఇవాళ కూడానా అంకారావూ! మా వియ్యపురాలు చూస్తే ఏమనుకుంటుందయ్యా? కాస్త నాలుగు మామిడాకులన్నా కట్టుకోకూడదా!"

ఆయనే పందిరికి మిగిలిన తోరణం తెప్పించి, దాని మీద ఒక బంతిపూల దండ కూడా బండి ముందు కట్టించారు. అంకారావు మురిసిపోయాడు.

ముహూర్తం దగ్గరపడింది. నూనె పెట్టి నలుగు పూశారు. దంపతులు పీటల మీద కూర్చున్నారు. కొడుకు శ్రీనాథ్ బకెట్టు పెట్టి కొళాయి తిప్పితే అది దగ్గి ఊరుకుంది. ముందురోజు ట్యాంకరు నుంచి టిన్నుల్లో పట్టి ఉంచిన నీళ్ళు వంటవాళ్ళే అవగొట్టేశారు. పంతులుగారు వాచీ చూసుకున్నారు. కోదండరామయ్యగారికి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో ముందు గేటు దగ్గర హారన్ మోగింది.

"ట్యాంకరొచ్చింది నాన్నా! మోటారు వేయించేస్తా!" అని శ్రీనాథ్ కేకేశాడు.

ఆనందం పట్టలేక కోదండరామయ్యగారు నూనె ఒంటితోనే లేచి పిట్టగోడ మీంచి తొంగిచూశారు. కింద బండి. దానికి 'మంచినీళ్ళు' అని బోర్డు. బోర్డు కింద మామిడాకుల తోరణం. తోరణం మీద తాను కట్టించిన బంతిపూల దండ!

జిడ్డు చేత్తోనే ఫోన్ అందుకుని అంకారావుకు చేశారు.

"పొద్దున వెనక గేటుకొచ్చిన బండేదయ్యా?"

"ఇదేనండి. నాకున్నది ఒక్క బండే కదండీ. బోర్డు మారుస్తానంతే."

"రెండేళ్ళ నుంచీనా?"

"అవునండి."

"మధ్యలో కడుగుతావా?"

"ఎందుకు కడగనండీ! మంచినీళ్ళు నింపితే కడిగినట్టేగా!"

కోదండరామయ్యగారు వచ్చి పీట మీద కూలబడ్డారు. చెబుదామంటే చుట్టూ చుట్టాలు. అందరూ అప్పటికే కాఫీలు తాగి, బాగుందని మెచ్చుకున్నవాళ్ళు. రెండేళ్ళ స్నానాలూ, రెండేళ్ళ వంటలూ కళ్ళ ముందు తిరిగాయి. చూశారా పాఠకుల్లారా, మా అపార్టుమెంటులో రీసైక్లింగ్ లేదని ఎవరన్నారు? కరెంటు లేకుండా, ఇంజినీరు లేకుండా నిరాటంకంగా జరుగుతోంది!

నీళ్ళు పైకెక్కాయి. కలశాలు నిండాయి. పంతులుగారు పుణ్యనదులన్నిటినీ పేరుపేరునా కలశంలోకి ఆహ్వానించారు. పిలవకుండా వచ్చింది ఏదో కోదండరామయ్యగారొక్కరికే తెలుసు.

"మంత్రం నాతోపాటు చెప్పండి" అన్నారు పంతులుగారు. కోదండరామయ్యగారు పెదవి విప్పలేదు. ఊపిరి కూడా బిగబట్టారు. కొడుకూ కోడలూ భక్తిగా కలశాలన్నీ తల మీద గుమ్మరించారు. అక్షింతలు పడ్డాయి.

తువ్వాలుతో మొహం గట్టిగా, మళ్ళీ గట్టిగా తుడుచుకున్నాక గానీ ఆయన నోరు తెరవలేదు.

"అమ్మా నాగలతా, ఆ ప్లాంటు వాల్వు ఎటు తిప్పాలి?"

బాలామణిగారు ఉలిక్కిపడ్డారు. "ఏంటండీ ఆ మాటలు! బాత్రూముల నీళ్ళు, గంగమ్మ ఎదురుగానా?"

"రోజూ ఆ పటాన్ని తుడిచేది ట్యాంకరు నీళ్ళతోనేగా బాలామణీ" అన్నారు కోదండరామయ్యగారు. "ఆవిడకు రెండేళ్ళుగా అలవాటేలే."